శుద్ధ కొడతి నంబరు ఒకటి

మా కేంద్రంలో వడ్రంగం నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి మనిషీ మొట్టమొదట చేసే వస్తువు కొడతి. ఉలి నెత్తిన కొట్టే కొయ్యసుత్తి అది. కుర్చీలూ బల్లలూ ఆ తరవాత. ఈ నియమం ప్రభుత్వం పెట్టింది కాదు, మా శిక్షకుడు పైడాచారి పెట్టింది. అందుకే ముప్పై ఏళ్లపాటు ఎవరికీ ఇబ్బంది లేకుండా సాగిపోయింది.

పైడాచారి పద్ధతి ఇలా ఉంటుంది. చింతమొద్దులో నల్లగా గట్టిపడిన చేవ భాగం మాత్రమే తీసుకోవాలి. అదీ నీడన రెండేళ్లు ఆరి ఉండాలి. దాని మధ్య పిడికి బెజ్జం తొలవాలి. బెజ్జం పైన కాస్త వెడల్పు, కింద కాస్త ఇరుకు. పిడిని పైనుంచి దించాలి. అప్పుడు కొట్టినకొద్దీ తల బిగుస్తుందే కాని, ఊడివెళ్లి ఎదుటివాడి నుదుటికి తగలదు. మొదటి బెజ్జం తొలిచేనాటికి చేతిలో కొడతి ఉండదు కనక, ఏ కట్టెముక్కతోనైనా ఉలిని కొట్టుకోవచ్చు. మొత్తం రెండు రోజుల పని. మూడోనాడు ఆయన ఒక్కొక్కరి కొడతినీ చేతిలో తూచి, ఒకసారి గాలిలో ఆడించి, దానిమీద వాళ్ల పేరు మొదటి అక్షరం చెక్కమనేవాడు. శిక్షణ అయి వెళ్లిపోయేటప్పుడు ఎవరి కొడతి వాళ్లు పట్టుకుపోయేవారు.

“సెప్పుల జతా కొడతీ ఒకలివి ఒకలికి కుదరవు బాబూ,” అనేవాడు నాతో. “సేతి కొలత సేతికే తెలుస్తాది.”

నేను ఆ కేంద్రంలో సీనియర్ అసిస్టెంటుని. ఉలిని ఏ చివర పట్టుకోవాలో నాకు తెలియదు. కాగితాన్ని ఏ చివర పట్టుకోవాలో మాత్రం బాగా తెలుసు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ పూజారి పనిలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఉన్నాను. ఎవరికీ అపకారం చెయ్యలేదు. ఉపకారం చేసినట్టూ దాఖలా లేదు.

ఆ ఏడాది పన్నెండుమంది చేరారు. అందులో తోటపాలవలస అసిరమ్మ ఒకతె. ఆమె మొగుడు వడ్రంగే. దూలం ఎక్కిస్తూ కిందపడి కుడి భుజం పోగొట్టుకున్నాడు. ఇంట్లో పనిముట్లు ఊరికే పడి ఉన్నాయని ఆమె నేర్చుకోవడానికి వచ్చింది. తుపానుకి వాళ్ల ఊరి బడి కిటికీలూ తలుపులూ ఎగిరిపోయాయి. కొత్తవి చేసే పని మా కేంద్రం పట్టా ఉన్నవాళ్లకే ఇవ్వాలని ఆర్డరు. హెడ్మాస్టరు ఆ పని ఆమెకే అని మాటిచ్చాడు. పరీక్ష మే ఇరవై ఏడున. బడి తెరిచేది జూన్ పన్నెండున, వానలూ అప్పుడే. మే ముప్పై ఒకటిన పైడాచారి రిటైరవుతాడు, ఆయనతోపాటు ఆ పోస్టూ రద్దవుతుంది. అంటే ఈ పన్నెండుమందికీ ఈ పరీక్ష తప్పితే మరో పరీక్ష లేదు.

ఏప్రిల్ మొదటి సోమవారం మాకు సంపూర్ణ శుద్ధ హస్తకృతి పథకం వచ్చింది. దానితోపాటు ప్రత్యేకాధికారి విశ్వంభరరావుగారు వచ్చారు.

పథకం ఉద్దేశం గొప్పది. యంత్రాల దాడిలో చేతిపని చచ్చిపోతోంది కనక దాన్ని రక్షించాలి. రక్షించాలంటే ముందు అది స్వచ్ఛమైనదో కాదో తేల్చాలి. మూడో నిబంధనలో నిర్వచనం ఇచ్చారు: “శుద్ధ వస్తువు అనగా శుద్ధ పనిముట్టుతో చేయబడినది. శుద్ధ పనిముట్టు అనగా పైన నిర్వచింపబడిన శుద్ధ వస్తువులలో ఒకటి.” నేను రెండుసార్లు చదివి, ఎక్కడా తప్పు దొరక్క, ఫైల్లో పెట్టాను.

విశ్వంభరరావుగారు షెడ్డులోకి వచ్చి, బల్లమీద వరసగా ఉన్న పన్నెండు కొడతులనీ చూసి ముగ్ధులయ్యారు. అసిరమ్మది చేతిలోకి తీసుకున్నారు.

“ఇది చేత్తో చేసిందేనా?”

“సేత్తోనే బాబూ,” అంది అసిరమ్మ. “ఇగో, బొబ్బ ఇంకా మానలేదు.”

“చాలా సంతోషం. చేత్తో అంటే, దేనితో?”

“ఉలితో.”

“ఆ ఉలి ఎక్కడిది?”

“బజార్లో కొన్నాం బాబూ,” అన్నాడు పైడాచారి. “కంపినీది. మంచి ఉక్కు.”

విశ్వంభరరావుగారు కొడతిని మెల్లగా బల్లమీద పెట్టి, జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నారు.

“ఆచారిగారూ, మనం ఇక్కడ ఒక మౌలికమైన ప్రశ్నను ఎదుర్కొంటున్నాం. యంత్రంలో పుట్టిన ఉలి ఈ కొయ్యను తాకింది. కనక ఈ కొడతిలో పరోక్షంగా యంత్రస్పర్శ ఉంది. ఈ కొడతితో చేసిన ప్రతి వస్తువుకూ ఆ స్పర్శ సంక్రమిస్తుంది. సమగ్ర దృక్పథంతో ఆలోచిస్తే, మీరు ముప్పై ఏళ్లుగా ఇక్కడ నడిపింది ఒక రకమైన ఫ్యాక్టరీ.”

పైడాచారి జీవితంలో ఫ్యాక్టరీ గడప తొక్కలేదు.

పన్నెండు కొడతులనీ, ఉలులనీ, ఇనప సుత్తులనీ, రంపాలనీ, చిత్రికలనీ నేనే అల్మారాలో సర్దాను. తాళం వేసి, లక్క కరిగించి, దానిమీద ఆఫీసు ఇత్తడి ముద్ర గుద్దాను. చక్కగా పడింది. పరీక్షలో శుద్ధ ముద్ర ఉన్న పనిముట్లు మాత్రమే వాడాలని ఆ సాయంత్రమే మెమో జారీ అయింది. అది టైపు చేసిందీ నేనే.

“మరి పరీచ్చ ఎలగ రాయాల?” అని అడిగింది అసిరమ్మ.

“శుద్ధమైన కొడతి ఒకటి తయారుచేసుకోండి,” అన్నారు విశ్వంభరరావుగారు. “ఎవరు కాదన్నారు? యాభై రోజులుంది. ఆచారిగారే రెండు రోజుల పని అన్నారు.”

ముందు ఉలి కావాలి కదా అని కమ్మరి దగ్గరికి వెళ్లాం. బజారు చివర కొలిమి పెట్టుకున్న కమ్మరి మమ్మల్ని, జీపుని, ప్రత్యేకాధికారిగారిని చూసి లేచి నిలబడ్డాడు. ఉలి ఎంతసేపట్లో చేస్తావంటే పొద్దుగూకేలోపు ఇస్తానన్నాడు. ఇనుము ఎక్కడిదంటే లారీ కమాను పట్టీ అన్నాడు. సుత్తి ఎక్కడిదంటే మళ్లీ బజారే అన్నాడు.

“పూర్వం మీవాళ్లు మన్ను కరిగించి ఇనుము తీసేవారు కదా?” అన్నారు విశ్వంభరరావుగారు.

“తీసీవోరట బాబూ. మా తాత కాడు, మా తాతకి తాత. ఆడికి కబురెట్టమంటారేటి?”

ఆ విధంగా ఇనుము పథకం పరిధి దాటిపోయింది. ఇక మిగిలింది రాయి. విశ్వంభరరావుగారు నిరుత్సాహపడతారనుకున్నాను కాని, ఆయన ముఖం వెలిగిపోయింది. మూలాల్లోకి వెళ్తున్నామన్నారు. ఇంతవరకు ఏ జిల్లా కూడా ఇంత లోతుకి వెళ్లలేదన్నారు. అది నిజం.

పాత రాతి పనిముట్టొకటి అరువివ్వండని పురావస్తు శాఖకు రాశాను. రాతి పనిముట్లు జాతి సంపద కనక వాటిని పనిముట్లుగా వాడటం నేరమని జవాబొచ్చింది. క్వారీ రాయి పనికిరాదు, అక్కడ డ్రిల్లింగు మిషన్లున్నాయి. ఏట్లో దొరికే గులకరాళ్లు తెచ్చుకోవచ్చా అని గనుల శాఖను అడిగాను. పదకొండు రాళ్లకు, మానవ శ్రమతో, ఒక్కసారికి మాత్రమే అనుమతి ఇచ్చారు. శిక్షణార్థులు పన్నెండుమంది. ఒక రాయి తగ్గేసరికి వంతులు వేసుకున్నారు.

ఇక కొయ్య. పైడాచారి దగ్గర రెండేళ్లుగా నీడన ఆరిన చింతచేవ దుంగలున్నాయి. అవి గొడ్డలితో కొట్టినవీ, మిల్లులో కోసినవీ. పనికిరావు. చెట్టు కొట్టాలంటే గొడ్డలి కావాలి, గొడ్డలికి ఉక్కు కావాలి. కాబట్టి ఇనుము తగలకుండా చెట్టునుంచి విడివడిన కొమ్మ మాత్రమే శుద్ధమైనదని తేల్చారు.

అంటే, గాలికి విరిగిన కొమ్మ.

పదకొండు రోజులు మా శిక్షణార్థులు రోడ్డుపక్క చింతచెట్టు కింద కూర్చుని పైకి చూశారు. హాజరు అక్కడే తీసుకున్నాను. గాలి లేదు. ఎండ మాత్రం నిప్పులు చెరిగింది. ఒకతను ఆగలేక చెట్టెక్కి కొమ్మ ఊపాడు. అది విరిగింది కూడా. కాని అది మనిషి పుట్టించిన గాలి కిందికి వస్తుందని విశ్వంభరరావుగారు తిరస్కరించి, అతనికి హెచ్చరిక ఇచ్చారు. పన్నెండోనాడు గాలివాన వచ్చి జబ్బంత కొమ్మొకటి పడింది. తహసీల్దారు స్వయంగా వచ్చి పంచనామా చేసి ధ్రువపత్రం ఇచ్చాడు: “సదరు కొమ్మ దైవికమైన గాలివలన, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, తనంతట తానే విరిగినదని విచారణలో తేలినది.”

పైడాచారి కొమ్మని గోటితో గీరి చూశాడు.

“పచ్చి కర్ర బాబూ. సేవ నేదు. పగిలిపోద్ది.”

“పగులు సహజమైనది,” అన్నారు విశ్వంభరరావుగారు. “సహజమైన దేనికీ మన అభ్యంతరం లేదు.”

అక్కడినుంచి మూడు వారాలు ఆ కొమ్మని రాళ్లమీద అరగదీశారు. పొద్దున్న ఆరుగురు, మధ్యాహ్నం ఆరుగురు. ఉలి పట్టి నేర్చిన చేతులు రాళ్లు పట్టుకుని రుద్దుతుంటే షెడ్డంతా ఎద్దులు గట్టుకి ఒళ్లు రాచుకుంటున్న చప్పుడు. పిడికి బెజ్జం ఎలా పెట్టాలన్న దగ్గర పని ఆగింది.

“పోనీ, నిప్పుతో కాల్సి బెజ్జం సేద్దాం,” అన్నాడు పైడాచారి.

“నిప్పు ఎలా పుట్టిస్తారు?”

పైడాచారి జేబులో చెయ్యి పెట్టి అగ్గిపెట్టె తీశాడు. విశ్వంభరరావుగారు అగ్గిపెట్టె వైపు చూశారు. నేను దాన్ని తీసుకుని అల్మారా పైన పెట్టాను. సీలు తీయకుండా లోపల పెట్టడానికి వీల్లేదు కదా. ఆ తరవాత బెజ్జం ఆలోచన మానేసి తలా పిడీ ఒకే కర్రలో ఉంచేశారు. దీన్ని ఏకాండ నిర్మాణం అంటారని ప్రత్యేకాధికారిగారు చెప్పారు. మా ఊళ్లో దుడ్డుకర్ర అంటారు.

ఒకరోజు మధ్యాహ్నం పైడాచారి నా బల్లదగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అంతకుముందెప్పుడూ ఆయన నా ఎదుట కుర్చీలో కూర్చోలేదు.

“బాబూ, నాను సెప్పింది ఒక్కటే ఆళ్లకి. కొయ్య మాట వినాల అని. ఈ కర్ర రాయిమీద ఏడుస్తంది. నాకు వినబడతంది, ఆళ్లకీ వినబడతంది. ఆ అసిరమ్మ నిన్న ఏటడిగినాదో తెలుసా? మేస్త్రీ, ఇంతకుముందు నేర్సింది తప్పా, ఇప్పుడు సేస్తన్నది తప్పా అంది. ఏటి సెప్పమంటారు?”

నాకు సిగ్గేసింది. సిగ్గేసిన సంగతి ఎవరికీ తెలియకుండా ఫైలు తిరగేశాను.

మే ఇరవై నాలుగున శుద్ధ కొడతి నంబరు ఒకటి తయారైంది. దానికి ఎర్రగుడ్డ కప్పి, కొబ్బరికాయ కొట్టారు. ముద్ర వెయ్యడానికి ముద్రే యంత్రంలో చేసిందని తట్టి, పసుపు తడిపి బొటనవేలితో అద్దారు.

ఇరవై ఏడున పరీక్ష. ఒకే కొడతి, పన్నెండుమంది. ఒకరి తరవాత ఒకరు రావాలి. మొదట అసిరమ్మ వచ్చింది. చేతిలో కొడతి పెట్టారు. ఆమె చుట్టూ చూసింది.

“బాబూ, ఉలి ఏది?”

“శుద్ధమైన ఉలి ఇంకా రూపొందలేదు,” అన్నారు విశ్వంభరరావుగారు. “అశుద్ధమైన ఉలిని ఈ కొడతి తాకితే మన శ్రమంతా వృథా. కనక ఉలి ఉన్నట్టు భావించండి.”

“మరి సెక్క?”

“చెక్క మిల్లులో కోసినది. అదీ భావించండి.”

అసిరమ్మ పైడాచారి వైపు చూసింది. ఆయన నేల చూశాడు. ఆమె ఎడమ పిడికిలి బిగించి, లేని ఉలిని పట్టుకుని, గాలిలో మూడుసార్లు కొట్టింది. దెబ్బకి ముందు ఉలిని కాస్త వంచింది, అలవాటు చొప్పున. తరవాత వంగి, లేని చెక్కమీది లేని పొట్టు ఊదింది. అక్కడ ఎవరూ నవ్వలేదు. పన్నెండుమందికీ మొదటి శ్రేణి వచ్చింది. ఒకతను మాత్రం వేలుమీద కొట్టుకున్నట్టు చెయ్యి విదిలించాడు. అజాగ్రత్త కింద రెండు మార్కులు తగ్గించారు.

ముప్పై ఒకటిన పట్టాల పంపిణీ, పైడాచారి వీడ్కోలు సభ ఒకే ఖర్చులో, ఒకే శాలువాతో జరిగాయి. రాష్ట్రంలో మొదటి శుద్ధ కేంద్రంగా మాకొక ఫలకం వచ్చింది. అందరూ చూస్తుండగా దాన్ని గోడకి తగిలించాలని విశ్వంభరరావుగారి ముచ్చట. మేకు దొరికింది. మేకు కొయ్య కాదు కనక పథకంలోకి రాదట. సుత్తి మాత్రం అల్మారాలో సీలులో ఉంది. ఆయన ఒక్కక్షణం ఆలోచించి, ఎర్రగుడ్డ తీసి శుద్ధ కొడతి అందుకున్నారు.

“బాబూ, వొద్దు…” అన్నాడు పైడాచారి, రెండు నెలల్లో మొదటిసారి గొంతెత్తి.

ఒకటే దెబ్బ. మేకు గోడలోకి పోలేదు, కొడతిలోకి పోయింది. పచ్చి కర్ర తలనుంచి పిడిదాకా నిలువునా రెండుగా విచ్చుకుంది. సభలో చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఎందుకైనా మంచిదని నేను కొట్టాను.

“మేకుకి ఇనప సుత్తి, ఉలికి కొడతి,” అన్నాడు పైడాచారి మెల్లగా. “అది మొదటి రోజు పాటం బాబూ.”

సభ అయ్యాక అసిరమ్మ పట్టా పట్టుకుని నా దగ్గరికి వచ్చి వెనకవైపు చదివి పెట్టమంది. నాలుగో షరతు చదివాను. ఈ పట్టా పొందినవారు శుద్ధ ముద్ర గల పనిముట్లు తప్ప మరేవీ వాడరాదు. వాడినచో చర్యకు బాధ్యులగుదురు.

“ముద్దర ఉన్నవి ఎన్నున్నాయి బాబూ?”

“ఒకటి.”

ఇద్దరం పళ్లెంలో పెట్టి ఉంచిన కొడతి రెండు ముక్కల వైపూ చూశాం.

“అయితే ఈ కాయితం ఉంటే కిటికీలు సెయ్యకూడదు. నేకపోతే సెయ్యనివ్వరు.” ఆమె పట్టాని మడతపడకుండా నా బల్లమీద పెట్టింది. “ఇది మీ కాడే ఉంచీండి బాబూ. నా కొడతి నాకిచ్చీండి. నా సేత్తో సేసుకున్నాను. పన్నెండు దినాల్లో బడి తెరుస్తారు. పిల్లలు తడిసిపోతారు.”

పట్టా వాపసు తీసుకోవడానికి నిబంధన లేదు. సీలు వేసిన వస్తువు విడుదల చెయ్యడానికీ లేదు. ఇరవై ఎనిమిదేళ్లలో నిబంధన లేని పని నేను చెయ్యలేదు. ఆ రోజూ చెయ్యలేదు. తెల్లకాగితం తీసుకుని నోటు రాశాను:

“అల్మారాకు వేసిన సీలు పరిశీలించడమైనది. సదరు సీలు వేసిన ఇత్తడి ముద్ర యంత్రముపై తయారైనది. లక్క కంపెనీది. కరిగించిన అగ్గిపుల్ల ఫ్యాక్టరీది. మూడో నిబంధన ప్రకారం సదరు సీలు అశుద్ధము, కావున సీలు వేసినట్లు భావింప వీలులేదు. సీలు లేని అల్మారా తెరుచుటకు ఎవరి అనుమతీ అవసరము లేదు.”

సంతకం పెట్టి, తేదీ వేసి, ఫైల్లో నంబరు ప్రకారం కుట్టి, వెళ్లి లక్క పగలగొట్టాను. పన్నెండుమందీ ఎవరి అక్షరం ఉన్న కొడతి వాళ్లు తీసుకున్నారు. అసిరమ్మ తనది తూచి చూసుకుని, పిడిని నేలకి ఒకసారి తాటించి, చీరకొంగులో చుట్టుకుంది. పైడాచారి శాలువా కుర్చీలోనే మరిచిపోయి వాళ్లవెంట గేటుదాకా నడిచాడు. ఎప్పుడు వెనక్కి వస్తాడా అని చూశాను. రాలేదు.

ప్రత్యేకాధికారిగారు పదోన్నతిమీద చేనేత శాఖకి వెళ్లారు. అక్కడ పత్తిచేను దున్నిన నాగలి ఎక్కడిదన్న దానిమీద విచారణ నడుస్తోందని విన్నాను.

జూన్ మూడోవారంలో నన్ను తోటపాలవలస పంపారు. పట్టా ఉన్నవాళ్లెవరూ పని చెయ్యకుండానే బడికి కిటికీలూ తలుపులూ ఎలా వచ్చాయో తేల్చమని పైనుంచి ఉత్తరం. వాన పడుతోంది. పైడాచారి బడి వరండాలో పీటమీద కూర్చుని టీ తాగుతున్నాడు. అదే వరండా మూల అసిరమ్మ ఆఖరి తలుపుకి గడియ బిగిస్తోంది. ఆమె మొగుడు ఎడంచేత్తో చెక్క పట్టుకుని ఉన్నాడు. కొడతి దెబ్బలు ఒక తీరున పడుతున్నాయి. ఊరివాళ్లు కూలికింద ఆమెకి కుంచాలతో కొలిచిన ధాన్యం బస్తా గోడవారగా ఉంది. నేను అటు చూడలేదు.

హెడ్మాస్టరు నా ఎదుట వాంగ్మూలం రాసిచ్చాడు: “మొన్నటి గాలివానకు ఈ బడి కిటికీలును, తలుపులును, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, తమంతట తామే వచ్చి బిగుసుకొన్నవి.” కింద తహసీల్దారు ధ్రువీకరణ కూడా ఉంది. గాలి ఏమేమి చెయ్యగలదో ఆ కార్యాలయం ఇదివరకే తేల్చి ఉంది కనక కొత్తగా విచారించలేదట.

“ఓపాలి ఏసి సూడండి బాబూ,” అంది అసిరమ్మ.

కిటికీ రెక్క లాగి వేశాను. వాన చప్పుడు సగానికి తగ్గింది. సందులో వెంట్రుక దూర్చబోయినా దూరలేదు. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

గాలి పనితనం చాలా బాగుందని నివేదికలో రాశాను.